పెద్దవాళ్లకు చలికాలపు పడక: గోదావరి డెల్టా ఇళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి మా కోనసీమలో తెల్లవారుజామున కొబ్బరాకుల మీది మంచు బొట్లు బొట్లుగా పెంకుల మీద పడుతుంటుంది. ఆ చప్పుడుకే మా అమ్మ మేలుకుంటుంది. ఆమెకు 84 ఏళ్లు. పదేళ్లుగా ఆమె పడక సర్దేది నేనే. ఈ కాలం వచ్చిందంటే ఇరుగుపొరుగు వాళ్లూ, ఎక్కడో హైదరాబాదులో ఉండి ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గురించి బెంగపడే పిల్లలూ నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. డాక్టర్లు చెప్పగా తెలుసుకున్నవీ, చేతులారా చేసి నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాశాను. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. పెద్దవాళ్లు చలేస్తోందని నోరు విప్పి చెప్పరు. అర్ధరాత్రి మనల్ని లేపడం ఎందుకని ముడుచుకుని పడుకుంటారు. వాళ్లు అడగకముందే చూసుకోవలసింది మనమే.

మన వైపు అంత చలి ఎక్కడుంది? ఇక్కడ కూడా రగ్గులు, స్వెట్టర్లు కావాలా?

లంబసింగిలో పడే చలి మనకు లేదు, నిజమే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన ఊళ్లలో 18, 20 డిగ్రీలు ఉంటుంది. బాగా పడిన రోజుల్లో 15, 16కు దిగుతుంది. పాతికేళ్ల కుర్రవాడికి అది హాయి. కానీ ఇళ్లలో ఉష్ణోగ్రత కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అంతకంటే కాస్త ఎక్కువే మంచిదని కూడా అంది. అంటే మన చలికాలపు రాత్రులు సరిగ్గా ఆ గీత మీదే నడుస్తున్నాయి.

పైగా మన ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. పెంకుల సందులు, మండువాలు, మూయడానికి వీల్లేని గవాక్షాలు. బయట ఎంత చలి ఉంటే లోపలా దాదాపు అంతే. దానికి తోడు మనది నీళ్ల దేశం. ఒక పక్క కాలువ, ఒక పక్క చేపల చెరువు, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, దమ్ము చేసి నీళ్లు పెట్టిన చేలు. గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. దుప్పటి తాకితే తడి లేదు, కానీ చల్లగా జిగటగా ఉంటుంది చూశారా, అదీ ఆ చెమ్మే. వేడిని లాగేయడంలో నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు చురుకైనది. చెమ్మ పట్టిన పడకలో పడుకున్న మనిషి ఒంటి వేడి దానిని ఆరబెట్టడానికే సరిపోతుంది.

వయసు పైబడితే చలి ఎందుకు ఎక్కువ అనిపిస్తుంది?

ఒంట్లో వేడి పుట్టించేవాటిలో కండ ముఖ్యమైనది. వయసుతో కండ కరుగుతుంది. చర్మం కింద ఉండే కొవ్వు పొర పలచబడుతుంది. చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపల దాచాలి. ఆ పని మందగిస్తుంది. వణుకు కూడా వేడి పుట్టించే ఏర్పాటే. అదీ బలహీనపడుతుంది. తిండి తగ్గుతుంది, నడక తగ్గుతుంది.

వీటితో పాటు జబ్బులు. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ మందగించినా ఎప్పుడూ చలిగానే ఉంటుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలతో చేతులు, కాళ్లు చల్లబడతాయి. నిద్రమాత్రలు చలిని గుర్తించనివ్వవు. కిందటి ఏడాది లేని చలి ఈ ఏడాది కొత్తగా మొదలైందంటే రగ్గు కొనడంతో సరిపెట్టుకోకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఇంకొక చిక్కు ఉంది. కొందరు పెద్దవాళ్లకు చలి వేయడమే తెలియదు. ఒళ్లు చల్లబడిపోతున్నా "నాకేం చలి లేదే" అంటారు. అది అబద్ధం కాదు, వాళ్లకు నిజంగానే తెలియడం లేదు. అందుకే వాళ్ల మాటను బట్టి కాక ఒంటిని చూసి తెలుసుకోవాలి.

చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

చేతులు, కాళ్లు పట్టుకుని చూస్తే సరిపోదు, అవి ఎవరికైనా చల్లగానే ఉంటాయి. మీ అరచేతిని జాకెట్టు లేదా చొక్కా లోపలికి పోనిచ్చి వీపు మీదో, పొట్ట మీదో ఆనించండి. అక్కడ వెచ్చగా ఉంటే భయం లేదు. అక్కడ కూడా చల్లగా తగిలితే వెంటనే మేలుకోవాలి.

మాట ముద్దగా రావడం, మగతగా ఉండడం, తెలిసిన సంగతులకే తికమకపడడం, గ్లాసు పట్టు జారిపోవడం, నడకలో తూలడం: ఇవి ఒంటి లోపలి వేడి పడిపోతోందనడానికి గుర్తులు. ముసలితనపు చాదస్తంలే అని కొట్టిపారేయకండి. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే, అంటే ఫారన్‌హీట్ లెక్కలో 95 కంటే తగ్గితే ప్రాణాపాయం. పాత గాజు థర్మామీటరు అంకెలు 35 దగ్గరే మొదలవుతాయి కాబట్టి అంతకు దిగువన ఏముందో దానికి తెలియదు. డిజిటల్‌ది దగ్గర ఉంచుకోండి. వణుకుతున్న మనిషి వణకడం మానేసి మత్తుగా పడి ఉంటే తేరుకున్నట్టు కాదు, పరిస్థితి విషమించినట్టు. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా తడి బట్టలు తీసేసి, పొడి బట్టలు తొడిగి, ఛాతీ, వీపు, తల కప్పండి. కాళ్లు, చేతులు గట్టిగా రుద్దకండి. మెలకువగా ఉండి మింగగలిగితేనే వెచ్చటి పాలు పట్టండి.

ఉన్నట్టుండి గజగజ వణుకుతూ దుప్పట్లు కప్పమంటున్నారు. కప్పితే చాలా?

చాలదు. అది చలిజ్వరం కావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలేరియా ఇలాగే మొదలవుతాయి. పెద్ద వయసులో జ్వరం పైకి తెలియకపోవచ్చు కూడా. దుప్పటి కప్పండి, కానీ ఆ రోజే డాక్టరుకు చూపించండి.

అసలు ఏ దుప్పటి మంచిది? బజారులో మింకు రగ్గులు మెత్తగా ఉన్నాయి. అమ్మేమో బొంతే కావాలంటోంది.

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కూడా.

ముందు ఒక విషయం. ఏ దుప్పటీ వేడిని పుట్టించదు. ఒంటి వేడిని బయటికి పోనీయకుండా ఆపుతుంది, అంతే. ఆపేది కూడా నూలో ఉన్నో కాదు, వాటి పోగుల మధ్య చిక్కుకున్న గాలి. అందుకే ఒకే మందపాటి రగ్గు కంటే రెండు మూడు పలచని పొరలు మేలు. పొరకూ పొరకూ మధ్య కూడా గాలి నిలుస్తుంది. పైగా తెల్లవారుజామున ఉక్కపోస్తే ఒకటి తీసేయవచ్చు.

ఉన్ని కంబళి కాస్త చెమ్మ తగిలినా వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు, కాబట్టి మన గాలికి బాగుంటుంది. కానీ గరుకు. ముసలివాళ్ల చర్మం పలచన కాబట్టి కంబళి కింద మెత్తటి నూలు దుప్పటి ఒకటి ఉండాలి. షోలాపూర్ దుప్పటి బరువు తక్కువ, ఏళ్ల తరబడి మన్నుతుంది. ఉతుక్కోవడం తేలిక. మింకు రగ్గు వెచ్చగానే ఉంటుంది. కానీ పాలిస్టరు చెమటను పీల్చదు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దేవుడి దీపం దగ్గరికీ, పొయ్యి దగ్గరికీ అది కప్పుకుని వెళ్లనివ్వకండి. రెండు పొరల మింకు రగ్గు బరువు కూడా తక్కువేమీ కాదు. కొనేటప్పుడు మెత్తదనం ఒక్కటే చూస్తాం. ఎనభై ఏళ్ల మనిషి దాని కింద పక్కకు ఒత్తిగిలగలదా, అర్ధరాత్రి బాత్‌రూముకు లేవాలంటే ఒక్క చేత్తో తొలగించుకోగలదా అన్నది చూడం. దుకాణంలోనే ఒక చేత్తో ఎత్తి చూడండి. మీ చేతికే బరువనిపిస్తే వాళ్లకు అది మోయలేని బరువు.

ఇక బొంత. మా అమ్మ కప్పుకునేది 30 ఏళ్ల కిందట ఆమే, మా పెద్దమ్మా కలిసి వసారాలో కూర్చుని కుట్టింది. అయిదు నేత చీరలు, అన్నీ బండారులంక నేతవే, ఉతికి ఉతికి మెత్తబడి దూదిలా అయినవి. నాలుగు మూలలా రుబ్బురోలు పొత్రం, ఇత్తడి చెంబులు బరువు పెట్టి, ముడత లేకుండా పరిచారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అంచుల నుంచి లోపలికి వేలెడు దూరానికో వరుస చొప్పున కుట్టుకుంటూ వచ్చారు. అయిదు చీరల మధ్య నాలుగు గాలి పొరలు. ఆ కుట్టు వల్ల పొరలు జారవు, గాలి అంతటా సమానంగా నిలుస్తుంది. ఇప్పుడు ఒక మూల పైచీర చిరిగి, లోపలి నుంచి నీలం అంచు కనిపిస్తుంది. అది మా అమ్మమ్మ చీర. నిద్రపట్టని రాత్రుల్లో మా అమ్మ వేలు ఆ నీలం అంచు మీదే తిరుగుతుంటుంది. కాబట్టి అమ్మ బొంతే కావాలంటే అది మొండితనం కాదు. తేలికగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, గుచ్చుకోదు, చీకట్లో కూడా చేతికి తెలిసిన వస్తువు. దానిని ఒంటికి ఆనేలా కప్పి, చలి ముదిరిన రోజు దాని మీద తేలికపాటి రగ్గు వేయండి. బొంతకున్న లోపం ఒక్కటే, నూలు కాబట్టి చెమ్మను ఇట్టే పట్టేస్తుంది. రోజూ కాసేపు ఎండ చూపించాలి. ఆ ఒక్క పనీ ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

మూడు దుప్పట్లు కప్పినా చలే అంటున్నారు. ఎందుకని?

మంచం కింద చూడండి. నులక మంచమో నవారు మంచమో అయితే చల్లగాలి కింది నుంచి నేరుగా వీపుకు తగులుతుంది. ఎండాకాలంలో ఆ మంచం సుఖమైనదే, కానీ ఇప్పుడు అదే లోపం. పైన ఎన్ని కప్పినా వీపు చల్లబడుతూనే ఉంటుంది. పైన ఒక దుప్పటి తగ్గించి కింద ఒక బొంత పెంచండి. కొబ్బరి పీచు పరుపు, దాని మీద బూరుగు దూది పరుపు వేస్తే ఇంకా మంచిది. పీచు పరుపు ఒక్కటే అయితే ఎముకలు తేలిన ఒంటికి గట్టిగా తగులుతుంది. మంచాన పడిన మనిషికి అయితే పుండ్లు పడకుండా ఏ పరుపు వేయాలో డాక్టరును అడగండి.

నేల మీద పడుకునే అలవాటున్నవాళ్లను ఈ రెండు నెలలైనా మంచం మీదికి మార్చండి. టైల్స్ నేల, పాలరాతి నేల ఒంటి వేడిని రాత్రంతా లాగుతూనే ఉంటాయి. మంచాన్ని బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి. కిటికీకి ఎదురుగా ఉంటే చోటు మార్చండి.

చలిలో కూడా ఫ్యాను కావాలంటారు. లేకపోతే దోమలు. ఏం చేయాలి?

మన డెల్టాలో ప్రతి ఇంటి బాధా ఇదే. దోమల కోసం ఫ్యాను, ఫ్యాను చలికి దుప్పటి, దుప్పట్లోంచి బయటికి వచ్చిన చెవుల దగ్గర మళ్లీ దోమ. దీనికి మందు దోమతెర. తెర కడితే దోమలు రావు, లోపల గాలి కదలిక తగ్గి కాస్త వెచ్చదనం కూడా నిలుస్తుంది. తెర అంచులు పరుపు కిందికి దోపాలి, కానీ పెద్దవాళ్లు లేచే వైపు మాత్రం సులువుగా తీసుకునేలా వదులుగా ఉంచండి. తెరలో కాలు చిక్కుకుని పడ్డవాళ్లు ఉన్నారు. మూసిన గదిలో దోమల చుట్ట, సాంబ్రాణి పొగ ఉబ్బసం ఉన్నవాళ్లకు పనికిరాదు.

రాత్రి పడుకునేటప్పుడు ఏం వేసుకోవాలి?

స్వెట్టరు ముందువైపు గుండీలు ఉన్నదై ఉండాలి. తల మీదుగా తొడిగేది భుజాల నొప్పి ఉన్నవాళ్లకు నరకం. ఒంటి వేడిలో ఎక్కువ భాగం తలలోంచే వెళ్లిపోతుందని చెబుతుంటారు, అది నిజం కాదు. అయినా తల, చెవులు కప్పితే హాయిగా ఉంటుంది. మఫ్లరును మెడకు చుట్టి ముడి వేసి పడుకోవద్దు. మంకీ క్యాపు నయం. ముసుగుతన్ని ముక్కు కూడా కప్పేసుకునే అలవాటు ఉంటే మెల్లగా మాన్పించండి.

మేజోళ్లు తప్పకుండా వేయండి. కాళ్లు వెచ్చబడితే నిద్ర త్వరగా పడుతుంది. కానీ మేజోళ్లతో టైల్స్ మీద నడిస్తే జారి పడతారు. ఈ వయసులో తుంటి విరిగితే మళ్లీ లేచి తిరగడం కష్టం. మంచం దిగగానే కాలికి తగిలేలా పట్టున్న చెప్పులు పెట్టండి. ఒక చిన్న దీపం రాత్రంతా వెలగనివ్వండి.

మా నాయనమ్మ కాలంలో మంచం కింద కుంపటి పెట్టేవారు. ఇప్పుడు పెట్టవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతిని నేను ఒప్పుకోను. బొగ్గు, పిడక, కొబ్బరి డొక్కలు ఏవి కాలినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత, ఆ మగతలోనే ప్రాణం పోతుంది. నిద్రపోతున్న మనిషికి ఏమీ తెలియదు. పాతకాలపు పెంకుటింట్లో సందులన్నీ ఉండేవి కాబట్టి ఆ విషవాయువు చాలావరకు బయటికి పోయేది. ఈనాటి డాబా గదికి కిటికీలు బిగించి కుంపటి పెడితే అది గదిలోనే నిలుస్తుంది. గ్యాస్ గీజరు ఉన్న బాత్‌రూముకు గాలి రాకపోయినా ఇదే ముప్పు.

బయట పెరట్లో నెగడు వేసుకుని పడుకునేముందు వీపు కాచుకోవడం వేరు. భోగి మంటా అంతే. చీర కొంగు, శాలువా అంచు దోపుకుని, పొగ రాని వైపు కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

వేడినీళ్ల సంచీ, కరెంటు దుప్పటి, రూము హీటరు?

వేడినీళ్ల సంచీ మంచిదే. మరిగిన నీళ్లు పోయకూడదు, చేయి పెట్టగలిగినంత వేడి చాలు. తువ్వాలు చుట్టి, పడకలో ముందుగా పెట్టి, మనిషి పడుకునే వేళకు తీసేయండి. షుగరు ఉన్నవాళ్ల పాదాల దగ్గర అసలు పెట్టకండి. మా పెదనాన్నగారికి 20 ఏళ్లుగా షుగరు ఉండేది. ఒక రాత్రి పాదాలకు సంచీ ఆనించుకుని పడుకున్నారు. పొద్దున మేజోడు తీస్తే దానితో పాటు అరికాలి చర్మం ఊడి వచ్చింది. "మంటగా అనిపించలేదా?" అని అడిగితే "హాయిగా ఉందిరా" అన్నారు. పాదంలో నరాలు మొద్దుబారిపోతే కాలుతున్నా తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది.

కరెంటు దుప్పటి వాడితే పడుకునే ముందు పడక వేడెక్కే వరకే. మడిచి పెట్టకూడదు, వైరు నలగకూడదు, దానితో పాటు నీళ్ల సంచీ వాడకూడదు. పక్క తడిపే అలవాటున్నవాళ్లకూ, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకూ వద్దు. రూము హీటరు మన వైపు చాలా ఇళ్లకు అవసరం లేదు. ఉంటే దుప్పట్లకు, తెరకు మీటరు దూరంలో పెట్టి, నిద్రపోయే ముందు ఆపేయండి.

కార్తీకమాసం స్నానాలు, ధనుర్మాసం తెల్లవారుజాము తలస్నానాలు మానమంటే ఒప్పుకోవడం లేదు.

మానమని చెబితే ఎవరూ మానరు, నేనూ చెప్పను. ఎన్నో ఏళ్లుగా గౌతమిలో మునిగిన మనిషికి అది స్నానం మాత్రమే కాదు. కానీ తెల్లవారుజామున చన్నీళ్లు ఒక్కసారిగా ఒంటి మీద పడితే రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు ఎగబాకుతుంది. గుండెపోటు, పక్షవాతం చలికాలంలో పెరగడానికి చలి వల్ల పెరిగే రక్తపోటు ఒక కారణం. కాబట్టి రాజీ మార్గం చెబుతాను. ఇంట్లో గోరువెచ్చటి నీళ్లతో స్నానం, చెంబుతో తెచ్చిన గోదావరి నీళ్లు తల మీద చిలకరింపు. రేవుకు వెళ్లి తీరాలంటే సూర్యోదయం తర్వాత, పక్కన మనిషి ఉండగా, మెట్టు మీదే కూర్చుని ముందు కాళ్లు, తర్వాత చేతులు తడుపుకుని చెంబుతో పోసుకోవాలి. గుండె జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా వద్దు.

స్నానానికి ముందు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మర్దన చేస్తే పొడిబారిన చర్మానికి మంచిది, పట్టేసిన కీళ్లు కాస్త వదులవుతాయి. నూనె జారిన నేలను మాత్రం వెంటనే తుడవాలి. రోజువారీ స్నానాన్ని పొద్దెక్కాక పది, పదకొండు గంటలకు మార్చండి. తువ్వాలు, పొడి బట్టలు ముందే అందేలా పెట్టాలి. జుట్టు ఆరకుండా పడుకోనివ్వకండి. కరెంటు కడ్డీతో నీళ్లు కాచేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెట్టాలని ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పండి.

తిండి, తాగడం?

వేడి వేడిగా, కొంచెం కొంచెంగా, నాలుగైదు సార్లు. అరగడం కూడా ఒంట్లో వేడి పుట్టించే పనే. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం అన్నంలో ఉలవచారో మిరియాల చారో, సాయంత్రం శొంఠి కాఫీ. ఈ కాలంలో మన వైపు తేగలు వస్తాయి. కుండలో కాల్చిన తేగను చీల్చి, పీచు తీసి, మధ్యలో ఉండే లేత మొలకను, అదే చందమామను, పిల్లల చేతిలో పెట్టి, మిగిలింది నమలడం పెద్దవాళ్లకు ఎంతో ఇష్టం. పళ్లు లేకపోతే ఉడికించి, పీచు తీసి, దంచి కాస్త బెల్లం కలిపి పెట్టండి. షుగరు ఉంటే బెల్లం వద్దు.

చుక్క వేసుకుంటే వెచ్చగా ఉంటుందని కొందరు మగవాళ్లు అంటారు. సారా, బ్రాందీ చర్మంలోని రక్తనాళాలను విప్పుతాయి. పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. చలిరాత్రి తాగి అరుగు మీద పడుకున్న ముసలాయన ప్రాణానికే ప్రమాదం.

రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లే తాగడం మానేశారు.

ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది, ఎవరూ గమనించరు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, తల తిరగడం మొదలవుతాయి. పగలు గోరువెచ్చటి నీళ్లు బాగా పట్టించండి, రాత్రి ఏడు దాటాక తగ్గించండి. గుండెకో కిడ్నీకో నీళ్ల కొలత చెప్పి ఉంటే ఆ కొలత దాటకూడదు. మంచం పక్కన ఫ్లాస్కులో వెచ్చటి నీళ్లు, చేతికందేంత దూరంలో శాలువా ఉంచండి. లేచిన వెంటనే భుజాల మీద శాలువా పడాలి. చలి తగిలేది ఎక్కువగా ఆ రాకపోకల్లోనే. మగవాళ్లకైతే మంచం పక్కనే మూత్రం డబ్బా పెట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా మామగారికి మతిమరుపు జబ్బు. కప్పిన దుప్పటి కప్పినట్టే తన్నేస్తారు.

దుప్పటితో పోట్లాడకండి. వెచ్చదనాన్ని ఒంటి మీదే వేయండి: బనీను, పూర్తి చేతుల చొక్కా, గుండీల స్వెట్టరు, వదులు పైజమా, మేజోళ్లు. రాత్రి రెండింటికి ఒకసారి చేయి పెట్టి చూడండి. ఆయన పాత శాలువా ఏదైనా ఉంటే కప్పి చూడండి, అలవాటైన వాసన ఉన్నదాన్ని కొందరు తన్నేయరు.

తుపాను రోజుల్లో పడక తడిసిపోతుంది. అప్పుడెలా?

మనకు చలికాలం తుపాన్లతో పాటే మొదలవుతుంది. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో ఎవరూ మరచిపోలేదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అసలే చలి నెల, దానికి ఈదురుగాలి, వాన తోడయ్యాయి. తడి, గాలి, చలి మూడూ కలిస్తే ముసలి ప్రాణం తట్టుకోలేదు.

అందుకని అక్టోబరులోనే ప్రతి పెద్ద మనిషికీ ఒక మూట కట్టి ఉంచండి. రెండు దుప్పట్లు, ఒక జత బట్టలు, మేజోళ్లు, టోపీ, వారం రోజుల మందులు, మందుల చీటీ. మందపాటి ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి బిగించి, మరో సంచీలో తలకిందులుగా పెట్టి మళ్లీ కట్టండి. అటక మీద పెట్టండి. పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే ముందు చేతికి అందాల్సింది ఆ మూటే. అక్కడ నేల మీద పడుకోక తప్పకపోతే అట్టపెట్టెలు విప్పి పరిచి, దాని మీద దుప్పటి వేయండి. వానలో తడవని వరిగడ్డి దొరికితే అదీ మంచి పరుపే.

చలికాలంలో దుప్పట్లు దానం చేయాలనుకుంటున్నాం. ఏవి మంచివి?

నూరు పలచటి దుప్పట్లు పంచేకంటే యాభై మంచివి పంచండి. గుడి మెట్ల మీద, బస్టాండులో పడుకునేవాళ్లకు కింద పరుచుకోవడానికి కూడా ఏమీ ఉండదు, చాపతో కలిపి ఇవ్వండి. ముదురు రంగువి మాసినా తెలియవు, వాళ్లకు ఉతుక్కునే వీలుండదు కదా. జనవరి చివర్లో కాకుండా డిసెంబరు మొదటి వారంలోనే ఇవ్వండి.

పెట్టెలోంచి తీసిన రగ్గు వాసన వేస్తోంది, కప్పుకుంటే తుమ్ములు.

వానాకాలమంతా ట్రంకు పెట్టెలో ఉంటే చెమ్మకు బూజు పడుతుంది, కంటికి కనపడని నుసి పురుగులు చేరతాయి. కప్పుకునే ముందు రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండు వైపులా తిప్పి వేసి, కర్రతో కొట్టి దులపండి. ఉతకగలిగినవి వేడినీళ్లలో ఉతకండి. కలరా ఉండలు వేసి ఉంచిన దుప్పటిని వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరవేయకుండా ఎవరికీ కప్పకూడదు. రోజూ ఎండ వేసినా నాలుగింటికల్లా లోపలికి తెచ్చేయండి. పొద్దు వాలాక దండెం మీద వదిలేస్తే పగలు పట్టిన వెచ్చదనమంతా మంచుకే పోతుంది.

ఆ ఎండలోనే పెద్దవాళ్లనూ కూర్చోబెట్టండి. ఎనిమిది దాటాక అరుగు మీద నీరెండ వస్తుంది. వీపు ఎండకు, ముఖం వీధికి. మోకాళ్లకు వేడి, కళ్లకు వచ్చేపోయేవాళ్లు. మా అమ్మ రోజంతటిలో హాయిగా నవ్వేది ఆ గంటలోనే.

మళ్లీ ఎప్పుడు సర్దేయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన సామెత. ఇంచుమించు అలాగే జరుగుతుంది. కానీ ముసలివాళ్లకు ఆ తర్వాత కూడా మరో పది పదిహేను రోజులు ఉంచండి. ఉతికి, ఎండబెట్టి, ఇంకా వేడిగా ఉన్నవి మడతపెడితే ఆ వేడి ఆవిరై చెమ్మ కడుతుంది, చల్లారనిచ్చి మడవండి. మడతల మధ్య ఎండిన వేపాకు వేయండి. ఒక తేలిక దుప్పటి బయటే ఉంచండి, ఆషాఢంలో జోరువాన పడిన రాత్రి మళ్లీ అడుగుతారు. మా ఇంట్లో రగ్గు, కంబళి పెట్టెలోకి వెళతాయి. నీలం అంచు బొంత మాత్రం రోహిణి ఎండల్లో కూడా అమ్మ కాళ్ల దగ్గరే మడత పెట్టి ఉంటుంది.